వరికోతలప్పుడు వైజాగ్: మా పెదనాన్న, ఆయన చేను, కొండగుడి

2022 డిసెంబర్‌లో వైజాగ్ వెళ్ళడానికి నాకు మూడు కారణాలు కలిసొచ్చాయి, మూడూ మా పెదనాన్న చుట్టూ తిరిగేవే. 4వ తేదీ ఆదివారం నేవీ డే, ఆ ఏడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఆర్కే బీచ్‌కి వస్తున్నారు. 8వ తేదీ కొండగుడి మరియమాత పండుగ. ఈ రెండిటికీ మధ్యలో పెదనాన్నవి వరి కోతలు. ఫోన్ చేసి "మూడూ సూసుకుని ఎల్దువుగాని, వచ్చెయ్" అన్నాడు, లీవ్ పెట్టేసి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను.

పెదనాన్న అంటే మా అమ్మ వాళ్ళ అక్క భర్త. ఆర్మీలో హవల్దార్‌గా రిటైరై ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్న మనిషి, అప్పటికి 72 ఏళ్ళు. మావాళ్ళంతా ఆర్‌సీఎం, అంటే కతోలికులం, కానీ మా ఇళ్ళల్లో ఆయనంత నిష్ఠగా ఉండేవాళ్ళు ఇంకొకళ్ళు లేరు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపం తప్పడు, చేలో ఉన్నా సరే పన్నెండయ్యిందంటే తలపాగా తీసి గట్టు మీద నిలబడి జపం చెప్పుకుని మళ్ళీ పనిలోకి దిగుతాడు, కూలీలు కూడా ఆ రెండు నిమిషాలూ మాటలు ఆపేస్తారు, వాళ్ళల్లో ఎక్కువమంది హిందువులే.

తెల్లారగట్ల వైజాగ్‌లో దిగి జ్ఞానాపురం వైపు గేటు నుంచి బయటికొచ్చాను. అటునుంచి దిగమని పెదనాన్నే చెప్పాడు, ముందు పెద్దగుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని అప్పుడు ఊరికి రమ్మన్నాడు. పెద్దగుడి అంటే పునీత పేతురు గారి కథెడ్రల్, విశాఖ అగ్రపీఠానికి, అంటే ఆర్చ్‌బిషప్ గారి పరిధికి, అదే ప్రధాన దేవాలయం. స్టేషన్‌కి ఇంత దగ్గర్లో ఉన్నా వైజాగ్ టూరిస్టులు చాలామందికి దాని సంగతే తెలీదు, అది నాకు బాధగా ఉంటుంది. ఈ తీరంలో కతోలిక మిషన్ కథ చాలా పాతది, 1846లో ఆల్ప్స్ కొండల దగ్గరి ఆనెసీ అనే ఊరి నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు ఓడెక్కి ఇక్కడికొచ్చారు, ఆ మరుసటి ఏడే పాత టౌన్‌లో సెయింట్ అలోషియస్ స్కూల్ పెట్టారు. మంచు కొండల్లో పుట్టినవాళ్ళు ఈ ఉక్కపోతలో, జ్వరాల మధ్య ఎలా నిలబడ్డారో తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. గుళ్ళో పొద్దుటి పూజ నడుస్తోంది, ఉన్నది తక్కువమందే, నేను వెనక బెంచీలో కూర్చుని పూజ అయ్యాక బయటికొచ్చి టిఫిన్ చేసి బస్సెక్కాను.

తగరపువలస దాకా సిటీ బస్సు, అక్కణ్ణుంచి ఆటో. మధురవాడ దాటాక కూడా అపార్ట్‌మెంట్లే, ఆనందపురం వచ్చేసరికి కాస్త ఊపిరాడుతుంది, అక్కడ రోడ్డు పక్కనే బంతిపూలు, కనకాంబరాలు మూటలు కట్టి పెట్టారు, ఆ చుట్టుపక్కల పూలతోటలు ఎక్కువ. పెదనాన్నది పద్మనాభం మండలం, గోస్తనీ నదికి దగ్గర. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు గారు ఈస్టిండియా కంపెనీతో యుద్ధం చేసి చనిపోయింది ఆ పద్మనాభం దగ్గరే. యుద్ధం మీద మాట పడితే పెదనాన్న తన యుద్ధం గురించి చెప్పడుగానీ ఈ పద్మనాభం యుద్ధం గురించి మాత్రం అడక్కుండానే చెప్తాడు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఆయన కొడవళ్ళకి పదును పెడుతున్నాడు. "ఏటిరా, ట్రైన్‌లో తిన్నావా లేదా" అని అడిగాడు, నేను సమాధానం చెప్పేలోపే పెద్దమ్మ చోడి అంబలి, అంటే రాగి అంబలి, గ్లాసులో పోసి చేతిలో పెట్టింది.

పెద్దమ్మ గురించి ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథంతా పెదనాన్న ఒక్కడిదే అనిపిస్తుంది. పెదనాన్న 1968లో పద్దెనిమిదేళ్ళకి మద్రాస్ రెజిమెంట్‌లో చేరాడు. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్, సముద్రపు గాలికి పెరిగినవాడు ఆ చలికి మొదటి నెల్లోనే పెదాలు పగిలి రక్తం కారేదట. 1971 యుద్ధంలో తూర్పు వైపు, ఇప్పటి బంగ్లాదేశ్ వైపు ఉన్నాడు. ఆ తర్వాత పెళ్ళి, పెళ్ళయిన పది రోజులకి మళ్ళీ యూనిట్‌కి. 1986లో రిటైరయ్యే దాకా ఏడాదికోసారి లీవులో వచ్చేవాడు. ఆ ఏళ్ళన్నీ చేను చూసింది ఎవరు? పెద్దమ్మ. నెలనెలా వచ్చే మనియార్డర్‌లోంచి విత్తనం, ఎరువు, దుక్కి కూలి అన్నీ సర్దేది, రాత్రి నీటి వంతు వస్తే లాంతరు పట్టుకుని మడవ దగ్గర కాపలా కూర్చునేది, పక్క రైతు గట్టు కోసేస్తే పెద్దమనుషుల ముందు నిలబడి మాట్లాడేది. పెదనాన్న వ్యవసాయం నేర్చుకున్నది రిటైరయ్యాకే, అదీ ఆవిడ దగ్గరే. "నాకు రెండో ట్రైనింగ్ సెంటర్ మీ పెద్దమ్మే" అని ఆయనే అంటాడు. అందుకే ఎవరైనా ఆయన్ని ఆదర్శ రైతు అంటే నాకు వెంటనే ఆవిడ గుర్తొస్తుంది.

ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండేదట. రాత్రి ఏడింటికి ఆవిడ ఇంట్లో జపమాల మొదలుపెడుతుంది, ఆయన ఎక్కడున్నా అదే టైముకి మొదలుపెట్టాలి. ఫోన్లు లేవు, ఉత్తరం వెళ్ళడానికి వారం పట్టేది, ఆ ఏడు గంటల జపం ఒక్కటే ఇద్దరూ కలిసి చేసే పని. డ్యూటీలో ఉంటే జేబులో చెయ్యి పెట్టుకుని పూసలు లెక్కపెట్టేవాణ్ణి అన్నాడు. ఆ జపమాల ఇప్పటికీ ఆయన దగ్గరుంది, నేను చేతిలోకి తీసుకుని చూశాను. స్టీలు గొలుసు నల్లబడిపోయింది, మూడో పది పూసల్లో ఒకటి ఊడిపోతే ఆ చోట ఖాకీ దారంతో గట్టిగా ముడేసి ఉంది. వేళ్ళకి ఆ ముడి తగిలితే అదీ ఒక పూసే, దాని మీదా ఒక మంగళవార్త జపం పడుతుంది. కొత్తది కొనిస్తానంటే వద్దన్నాడు.

మర్నాడు ఆదివారం, క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం రెండో వారం, రెండు ఊదారంగు కొవ్వొత్తులు వెలిగించారు. విచారణ గురువులు, అంటే ఆ గుడి ఫాదర్ గారు, మొదటి పఠనం చదవమని పెదనాన్ననే పిలిచారు. యెషయా గ్రంథం 11వ అధ్యాయం, తోడేలు గొర్రెపిల్ల కలిసి ఉంటాయని, దేవుని పవిత్ర పర్వతం మీద ఎవరూ ఎవరికీ కీడు చెయ్యరని. గట్టిగా, తొందరపడకుండా, ఒక్కో మాటా విడదీసి చదివాడు. తర్వాత సువార్త మత్తయి 3వ అధ్యాయం, స్నాపక యోహాను మాటలు, రాబోయే ప్రభువు చేతిలో చేట ఉంది, కళ్ళం శుభ్రం చేసి గింజలు కొట్లో పోసి పొట్టుని కాల్చేస్తాడని. గుళ్ళో కూర్చున్న వాళ్ళల్లో సగం మందికి ఆ వారం చేను కోతకొచ్చి ఉంది, కళ్ళం, చేట, పొట్టు అన్నవి ఫాదర్ గారు వాళ్ళకి విడమర్చి చెప్పాల్సిన అవసరమే లేదు. నేను హైదరాబాద్‌లో ఈ సువార్త ఎన్నిసార్లు విన్నానో, ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం అన్నం తిని బీచ్‌కి బయల్దేరాం, నేను, పెదనాన్న, ఆయన మనవడు. బీచ్ రోడ్డు మూసేశారు, చాలా దూరం నడిచాం, జనం చీమల దండులా ఉన్నారు. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కాసేపు ఆగాం. సోవియట్ యూనియన్ నుంచి కొన్న సబ్‌మెరైన్ అది, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై మరుసటి ఏడు మ్యూజియం అయ్యింది. "నాకన్నా ఏడాది జూనియరు" అన్నాడు పెదనాన్న దాన్ని చూసి. సాయంత్రం విన్యాసాలు మొదలయ్యాయి, హెలికాప్టర్లు, ఫైటర్ జెట్లు, మెరైన్ కమాండోలు, చీకటి పడ్డాక లైట్లు వేసుకుని వరసగా నిలబడ్డ యుద్ధనౌకలు. మనవడు అరుస్తూనే ఉన్నాడు. నాకూ ఒళ్ళు పులకరించింది, ఎందుకు దాచాలి, మన నేవీని కళ్ళారా చూస్తే గర్వంగా ఉంటుంది.

పెదనాన్న మాత్రం ఎక్కువసేపు సముద్రం లోపలికే చూస్తున్నాడు. అడిగితే "ఘాజీ అక్కడే గదరా" అన్నాడు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరంలోనే మునిగిపోయింది, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఎలా మునిగిందన్నది రెండు దేశాలూ రెండు రకాలుగా చెప్తాయి. ఆ రాత్రి పెద్ద చప్పుడుకి ఒడ్డున ఇళ్ళ కిటికీలు అదిరాయని విశాఖలో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఉన్న తొంభైమందికి పైగా మనుషులు అందరూ పోయారు, ఇంకా ఆ నీళ్ళ అడుగునే ఉన్నారు. మరో ఐదు రోజులకి డిసెంబర్ 9న అటు అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగింది, 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు, కెప్టెన్ ముల్లా గారు ఓడని వదలకుండా దాంతోపాటే వెళ్ళిపోయారు. పెదనాన్న ఏటా ఈ వారంలో ఒక జపమాల ఖుక్రీ వాళ్ళకి, ఒక జపమాల ఘాజీ వాళ్ళకి చెప్తాడు. ఘాజీ వాళ్ళకి ఎందుకని మనవడు అడిగాడు. "ఆళ్ళకీ ఇంటికాడ అమ్మ ఉంటాది గదరా" అన్నాడు. యుద్ధంలో నిలబడొచ్చిన మనిషి అన్న మాట కాబట్టి దానికి బరువుంది, నేను అంటే అంత ఉండదు. ఆ ప్రశ్న అడిగిన మనవడు ఇంటికెళ్ళేదాకా మళ్ళీ నోరెత్తలేదు.

సోమవారం నుంచి చేలో పని. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, తుపాను అవుతుందంటున్నారు, అదే తర్వాత మాండూస్ అయ్యింది. కోసిన చేను పనల మీద ఆరుతోంది, ఇప్పుడు వాన పడితే గింజ మొలకెత్తిపోతుంది, నోటికాడి కూడు నీళ్ళపాలు. ఊరంతా ఒకటే పరుగు. పల్లంలో ఆయనకి రెండున్నర ఎకరాలు, శ్రీకాకుళం సన్నాలు వేశాడు, రాగోలు రీసెర్చ్ స్టేషన్ వాళ్ళ 2537 రకం. ఆ చేలో నేను చేసింది చెప్పుకోదగ్గ పనేమీ కాదు, మోపులు అందించాను అంతే, పెదనాన్నా మనవడూ కుప్ప పేర్చారు. కుప్ప వెయ్యడం కూడా ఒక విద్య, వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతూ రావాలి, వాన నీళ్ళు జారిపోవాలి తప్ప లోపలికి దిగకూడదు. బుధవారం రాత్రికి కుప్ప మీద టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించాడు, గట్టు మీద ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాటి తాటాకు శిలువ ఒకటి పాతి ఉంది, అదక్కడ ఏడాది పొడవునా ఉంటుంది.

పని మధ్యలో కూర్చున్నప్పుడు లెక్కలు మాట్లాడుకున్నాం. ఆ ఏడు మద్దతు ధర క్వింటాకి 2040 రూపాయలు, గ్రేడ్ ఏ అయితే 2060. ఎనభై కేజీల బస్తాకి 1632 పడుతుంది. తేమ 17 శాతం దాటితే తీసుకోరు. ఎకరాకి పాతిక బస్తాలు అయితే గొప్ప. దుక్కి, నాట్లు, కలుపు, కోత కూలీ, నూర్పిడి, గోనె సంచులు, మోత, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఎంతో వ్యవసాయం చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. "నా చేను నా పెన్షన్ తిని బతుకుతోందిరా" అన్నాడు పెదనాన్న. ఇది ఆయన బాధగా అన్న మాట కాదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడ నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. ఈ ఊళ్ళో ఇంకా చేలు నిలబెట్టుకున్న ఇళ్ళు చూస్తే ఒకరిది ఆర్మీ పెన్షన్, ఒకరి కొడుకు స్టీల్ ప్లాంట్‌లో, ఒకరి కూతురు గల్ఫ్‌లో నర్సు. బయటి జీతం లేని ఇళ్ళు ఎప్పుడో అమ్ముకున్నాయి. జై జవాన్ జై కిసాన్ అని మనం ఇద్దరిని కలిపి అంటాం, ఇక్కడ నిజంగానే జవాను సంపాదన కిసాన్‌ని పోషిస్తోంది, రెండూ ఒకే మనిషి అయినా సరే.

గరువు మీద, అంటే మెట్ట మీద, ఇంకో రెండెకరాలుంది, మాజీ సైనికుల కోటాలో ప్రభుత్వం ఇచ్చింది. పదేళ్ళు దాటితే అలాంటి భూమి అమ్ముకునే వీలుంది, భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తుందని ఆ చుట్టుపక్కల రేట్లు అప్పటికే ఆకాశానికెక్కాయి, బ్రోకర్లు కారులో ఇంటి ముందు దిగుతూనే ఉంటారు. అమ్మడు. ఆ భూమిలో జీడితోట ఉండేది, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మొత్తం పడిపోయింది, కొబ్బరి చెట్లు కూడా మొదలంటా. ఆ రోజూ ఆదివారమే. జపమాల మాసం, ఇంటిల్లిపాదీ స్లాబు గదిలో కూర్చుని గాలి ఆగేదాకా జపమాల మీద జపమాల చెప్పారట. మర్నాడు తోట చూసి పెద్దమ్మ కూలబడిపోతే ఆయన ఏమీ అనకుండా గొడ్డలి తీసుకుని కొమ్మలు నరకడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆయనకి 64. జీడి మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్ళు ఆగాలి, ఆ వయసులో మళ్ళీ నాటాడు. ఇప్పుడు చెట్లన్నీ తలెత్తి ఉన్నాయి, నేను వెళ్ళినప్పుడు ఆకుల మధ్య కొత్త చిగుళ్ళు కనిపించాయి.

మనవడు ఆర్మీలో నాలుగేళ్ళ అగ్నివీర్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున నాలుగున్నరకి లేచి పరిగెడతాడు, తాత గడియారం పట్టుకుని గట్టు మీద నిలబడతాడు. ఆ కుర్రాడి ముందు పెదనాన్న ఏమీ అనడు. నాతో మాత్రం అన్నాడు, "దేశసేవ మంచిదే, వెళ్ళమనే సెప్తాను. నాలుగేళ్ళకి తిరిగొచ్చేవాడైతే ఈ సేను మీదకే వస్తాడు. పెన్షన్ లేకుండా ఈ సేను ఆణ్ణి మొయ్యలేదు, అదే నా బెంగ." నా దగ్గర దానికి జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

గురువారం కొండగుడి. తెల్లవారకముందే బయల్దేరి పాత టౌన్‌కి వెళ్ళాం. అక్కడ హార్బర్ పక్కనే మూడు కొండలు వరసగా ఉంటాయి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, మధ్యదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఇంకోదాని మీద మరియమాత. రాస్ హిల్ అంటారు, 1864లో రాస్ అనే ఆయన ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే గుడి అయ్యింది. డిసెంబర్ 8 నిష్కళంక మాత పండుగకి జనం మెట్ల మీద ఇసకేస్తే రాలనట్టు ఉంటారు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూడా వస్తారు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కొవ్వొత్తులు, పూలదండలు పట్టుకుని మనతోపాటే ఎక్కుతుంటారు. పెదనాన్నకి మోకాళ్ళ నొప్పులు, వ్యాన్లో వెళ్దామంటే వినలేదు, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుని ఎక్కాడు, పెద్దమ్మ ఆయన కన్నా ముందే పైకి చేరింది.

పైనుంచి హార్బర్ కాలువ, లోపలికొచ్చే ఓడలు, అటు పక్కన డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తాయి, వైజాగ్ మొత్తంలో నాకు ఇంతకన్నా మంచి చోటు ఇంకోటి లేదు. పూజ అయ్యాక పెదనాన్న జపాల పుస్తకంలోంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోతే ప్లాస్టిక్ టేప్ అంటించి ఉంది. నీలం ఇంకుతో ఏడు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఊరు, 71లో తన కంపెనీ నుంచి తిరిగిరానివాళ్ళు. హిందూ పేర్లు, ఒక ముస్లిం పేరు, కేరళ క్రైస్తవుల పేర్లు రెండు. వాటిని ఇక్కడ రాయను, ఆ కుటుంబాలు ఎక్కడో ఉంటాయి. నవంబర్ 2న సకల ఆత్మల పండుగకి ఒకసారి, ఈ కొండ మీద ఒకసారి, ఏడాదికి రెండుసార్లు ఆ పేర్లు బయటికి చదువుతాడు. 71 యుద్ధానికి వచ్చిన పతకాలు పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ రెండూ పెద్దమ్మ ట్రంకు పెట్టెలో ఉంటాయి, వాటిని నేను అడిగితేగానీ చూపించలేదు, ఈ కాగితం మాత్రం ఎప్పుడూ జేబులోనే. ఆ రోజు చదవలేకపోయాడు, కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయాడు, కాగితం మనవడి చేతికిచ్చాడు. ఆ కుర్రాడు ఊరితో సహా ఒక్కో పేరూ చదువుతుంటే పెదనాన్న ప్రతి పేరుకీ "నిత్య విశ్రాంతి దయచేయండి ప్రభువా" అంటూ వచ్చాడు.

దిగేటప్పుడు పెద్దమ్మ అందరికీ కొండ కింద శనగలు కొనిపెట్టింది. నేను ఆ సాయంత్రమే ట్రైనెక్కాలి. మాండూస్ తర్వాత మహాబలిపురం దగ్గర తీరం దాటింది, మా వైపు కుప్పలకి ముప్పు రాలేదు. నూర్పులు అయ్యాక పెదనాన్న ఫోన్ చేశాడు, తేమ 16 చూపించిందట, బస్తాలన్నీ తీసుకున్నారు, డబ్బులు ఇంకా పడలేదు. మొదటి బస్తా గుడికి పంపేశాం, నీకో బస్తా పక్కన పెట్టాం, లారీ ఆఫీసులో వెయ్యమంటావా, నువ్వే మట్టల ఆదివారానికి వచ్చి పట్టుకెళ్తావా అని అడిగాడు. వచ్చే పట్టుకెళ్తానన్నాను.